మనిషి పోంగనే

భూపాలపల్లిలో బొగ్గు దుమ్ము ఎవరి ఇంటినీ వదలదు. పొద్దున తుడిచిన గడప మధ్యాహ్నానికి మళ్లీ నల్లబడుతుంది. అలాంటి ఊళ్లో, గని కార్మికుల క్వార్టర్ల వెనక బస్తీలో, చిలుకమ్మ ఇంటి గడప మీద వేలు రాసి చూస్తే మసి అంటేది కాదు. పెద్ద ఇల్లేమీ కాదు. రెండు అర్రలు, రేకుల కప్పు, ముందొక సిమెంటు అరుగు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు గాని ఈ ఇంటి విషయంలో ఆ మాట చెల్లదు. ఇల్లాలు పొద్దున ఆరింటికి పనికి పోతే పొద్దు వాలితే గాని రాదు. ఆ గడపను అట్లా ఉంచేది ఆమె మనుమరాలు అక్షర. దానికి ఎనిమిదేళ్లు.

మామూలుగా ఆ వయసు పిల్లల చేత పని చేయించాలంటే తల ప్రాణం తోకకు వస్తుంది. తిన్న కంచం తీయమంటే కడుపునొప్పి. పక్క మడవమంటే అప్పుడే హోంవర్కు గుర్తుకొస్తుంది. అక్షరకు చెప్పాల్సిన అవసరమే లేదు. బోళ్లు తోమి బోర్లిస్తే వరుసలో వంకర ఉండదు. బట్టలు మడిస్తే అంచుకు అంచు కలుస్తుంది. పని చేస్తున్నంతసేపూ మాట్లాడదు, పాడదు, పక్కకు చూడదు. ఆ శ్రద్ధ చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాస్త ఎక్కువసేపు చూస్తే మాత్రం ఎందుకో ఒళ్లు జలదరిస్తుంది. బస్తీ ఆడవాళ్లు మొదట ముచ్చటే చూశారు. జలదరింపు తర్వాత వచ్చింది.

చిలుకమ్మకు యాభై ఎనిమిదేళ్లు. మొగుడు గనిలో పని చేసి ఎప్పుడో కాలం చేశాడు. నాలుగు క్వార్టర్లలో బోళ్లు తోమి, ఇల్లు తుడిచి ఆమె బతుకుతోంది. ఇది అందరికీ తెలిసిన పని. ఇంకో పని ఉంది, దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. బస్తీలో గాని క్వార్టర్లలో గాని ఒక ఇంటి నుంచి శవం లేచిందంటే చిలుకమ్మకు కబురు వస్తుంది. పాడె వీధి మలుపు తిరగకముందే ఆమె చీపురు పట్టుకోవాలి. ముందు లోపలి మూల నుంచి గడప దాకా ఊడ్చాలి. బిందెల్లో నీళ్లు ఒంపేసి బిందెలు బోర్లించాలి. మంచాన్ని గోడకు నిలబెట్టాలి. ఇల్లంతా కడగాలి. చివరికి మనిషిని పండబెట్టిన చోట బియ్యప్పిండి పోసి, దాని మీద దీపం వెలిగించాలి. కాటి నుంచి తిరిగొచ్చినవాళ్లు ఆ దీపం చూసి, పోతున్నామని ఎవరికీ చెప్పకుండా ఎవరిళ్లకు వాళ్లు పోతారు. ఇన్నేళ్లలో ఆమె అట్లా నలభై ఇళ్లు కడిగి ఉంటుంది. ఏనాడూ భయపడలేదు. చచ్చినవాళ్లు ఏం చేస్తారు పాపం, బతికున్నవాళ్లతోనే తంటా అంతా అనేది.

ఆ నలభై ఇళ్లలో ఒకటి ఆమె సొంత ఇల్లు. మూడేళ్ల కిందట కూతురు రజిత పచ్చకామెర్లతో పోయింది. అల్లుడు వెంకటేష్ ఆ ఏడు తిరక్కుండానే మహబూబాబాద్‌లో మరో పెళ్లి చేసుకున్నాడు. పిల్ల అవ్వ దగ్గరే మిగిలింది. రజితను తీసుకుపోయిన రోజున అందరూ గుండెలు బాదుకుంటుంటే, చిలుకమ్మ లేచి కొంగు దోపి చీపురు అందుకుంది. ఏడుపు చేతకాక కాదు, ఆ గడియలో చేతులకు తెలిసిన పని అదొక్కటే. ఐదేళ్ల అక్షర గడప దగ్గర నిలబడి "అమ్మ ఏది?" అంటే, ఎవరో "పోయింది బిడ్డా" అన్నారు. "అవ్వా, ఇప్పుడెందుకు ఊడుస్తున్నవ్?" అని పిల్ల మళ్లీ అడిగింది. ఐదేళ్ల పిల్లకు ఏం చెప్పాలో ఎవరికి మాత్రం తెలుస్తుంది? చిలుకమ్మ చీపురు ఆపకుండా నోటికొచ్చింది చెప్పింది. "మనిషి పోంగనే ఊడ్వాలె బిడ్డా. జాగు చేయద్దు."

ఆ తర్వాత బడి లేని రోజుల్లో పిల్లను ఎక్కడ వదలాలో తెలియక పని ఇళ్లకు వెంట తీసుకుపోయేది. కబురొస్తే చావింటికీ తీసుకుపోయేది. పిల్ల గడప బయట కూర్చొని చూసేది. ఏడాది గడిచేసరికి చెంబుతో నీళ్లు అందించడం మొదలుపెట్టింది. మొక్కై వంగనిది మానై వంగునా అని చిలుకమ్మ మురిసిపోయింది. పిల్లకు పని ఒంటపడుతోంది, అంతే కదా కావలసింది అనుకుంది. పిల్ల ఏ పని నేర్చుకుంటోందో ఆలోచించలేదు.

పక్కింట్లో ధర్మా ఉండేవాడు. రిటైరైన గని కార్మికుడు, దమ్ముతో మాట కూడా ఈల వేసినట్టు వచ్చేది. చైత్రంలో ఒక పొద్దున ఆయాసం ఎక్కువై, భార్య చంద్రి ఆయన్ను ఆటోలో వరంగల్ దవాఖానకు తీసుకుపోయింది. ఇంటి తాళంచెవి చిలుకమ్మకిచ్చి పోయింది. మూడో రోజు ధర్మా శవమై తిరిగొచ్చాడు. చంద్రి తలుపు తీసేసరికి ఇల్లు అప్పటికే కడిగి ఉంది. బిందెలు బోర్లించి ఉన్నాయి, మంచం గోడకు నిలబెట్టి ఉంది. మంచం ఉండే చోట ఎండిపోయిన పిండి, నూనె అయిపోయి మలిగిన ప్రమిద. ఫోను కబురు విని చిలుకక్క ముందే కడిగిపెట్టింది కాబోలు అని చంద్రి అనుకుంది. తండా నుంచి ముందొచ్చిన చుట్టాలు పిల్లనడిగి తాళంచెవి తీసుకొని కడిగారు కాబోలు అని చిలుకమ్మ అనుకుంది. ఏడుపుల మధ్య ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఎండాకాలం సెలవులొచ్చాయి. బస్తీ మొదట్లో కిరాణా దుకాణం నడిపే రాజలింగం భార్య సునందకు ఒక బాధ ఉంది. ఆమె కూతురు మేఘనకు పదేళ్లు నిండాయి గాని తాగిన గిలాస కూడా తీయదు. సునంద ఒకనాడు చిలుకమ్మను దుకాణం ముందే ఆపింది.

"అవ్వా, నీ మనుమరాలికి ఎట్ల నేర్పినవ్? జర మా పిల్లకు గూడ నేర్పియ్యరాదు. నేను చెప్తె ఇనదు. తోటి పిల్లను చూసన్న సిగ్గొస్తదేమో."

"నేను నేర్పింది ఏముంది సునందమ్మా, చూసి నేర్చుకున్నది. పంపిస్త తియ్యి, ఇద్దరు కలిసి ఆడుకుంట చేస్తరు."

చిలుకమ్మకు ఆ పూట కాళ్లు నేల మీద ఆనలేదు. బోళ్లు తోమే మనిషి మనుమరాలు శేటు కూతురికి పాఠం చెప్పడమంటే మాటలా? నూనె రాసి, రెండు జడలేసి, ఉతికిన గౌను తొడిగి పంపింది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. మేఘన పక్క మడవడం నేర్చింది, బోళ్లు వరుసలో బోర్లించడం నేర్చింది. సునంద దుకాణానికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంది. ఐదో రోజు పొద్దున రాజలింగం జనగామలో చెల్లెలి ఇంటికని బండి తీశాడు. సునంద స్నానానికి పోయింది. బండి చప్పుడు వీధి చివర మలుపు తిరిగేదాకా అక్షర గడపలో నిలబడి చూసింది. తర్వాత లోపలికొచ్చి చీపురు తీసింది.

సునంద తడి జుట్టుతో బయటికొచ్చి నిలబడిపోయింది. నేలంతా కడిగి ఉంది. నీళ్ల బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. రాజలింగం పండుకునే మంచం గోడకు నిలబెట్టి ఉంది. మంచం ఉండాల్సిన చోట తెల్లగా పిండి, పిండి మీద దీపం. కిటికీలోంచి గాలి వస్తున్నా ఆ దీపం నిటారుగా వెలుగుతోంది. దాని ముందు మేఘన చేతులు కట్టుకొని నిలబడి ఉంది.

"అమ్మా, అంత నేనే చేసిన! అక్షర చెప్తుంటె నేనే చేసిన. ఇప్పుడు దీపం చూసి, ఎవలికి చెప్పకుండ బయటికి పోవాలెనట."

సునంద వేసిన కేక దుకాణం ముందున్న మనుషులకు వినిపించింది. దీపాన్ని కాలితో తన్నింది, మంచాన్ని లాగి నేల మీద పడేసింది, కూతురిని గుంజి వీపు మీద రెండు చరిచింది. అక్షర ఒక మూల నిలబడి, పిండి అంతా చెదిరిపోయిందే అన్నట్టు నేల వంక చూసింది.

రాజలింగం ఫోను మోగింది, ఎత్తలేదు. మళ్లీ మోగింది, ఎత్తలేదు. పదకొండింటికి ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి ఎత్తాడు. పరకాల దాటాక లారీ తగిలి బండి పొలంలో పడిందని, కాలు విరిగిందని, ప్రాణానికి భయం లేదని చెప్పాడు. ప్రాణానికి భయం లేదన్న మాట సునందకు వినబడలేదు.

నిజం గడప దాటేలోపు పుకారు ఊరంతా తిరిగొస్తుందంటారు. ఆ సాయంత్రానికే ధర్మా ఇంట్లో ఎండిన పిండి సంగతి బయటికొచ్చింది. నువ్వు కడిగినవా అంటే నేను కాదు, నువ్వు కడిగినవా అంటే నేనూ కాదు. మరెవరు? తాళంచెవి ఎవరింట్లో ఉంది? అప్పుడు అందరి తలలూ ఒకేసారి అరుగు మీద కూర్చొని చిక్కుడుకాయలు వలుస్తున్న ఎనిమిదేళ్ల పిల్ల వైపు తిరిగాయి.

కాకి వాలగానే తాటిపండు రాలితే కాకి బరువుకే రాలిందంటామా? ధర్మా ఊపిరితిత్తుల నిండా ముప్పై ఏళ్ల బొగ్గు ఉంది. పరకాల దారిలో లారీలు ఏ రోజు మనుషులను తాకలేదు గనక? అయినా భయం లెక్కలు వేసుకొని రాదు. ఆ పిల్ల వీధిలోకొస్తే ఆడవాళ్లు చీపుళ్లు లోపల దాచేవాళ్లు. ఇంట్లోంచి మొగుడు బయలుదేరితే తలుపు సందులోంచి చూసి, అక్షర కనిపించకపోతేనే పంపేవాళ్లు. ఆడుకునే పిల్లలు దానికి 'చీపిరి పోరి' అని పేరు పెట్టారు. రెండు క్వార్టర్ల వాళ్లు చిలుకమ్మను పనికి రావద్దన్నారు. ఇకమీదట ఈ పిల్ల ఏ ఇంటి గడప తొక్కుతుంది? రేపు పెద్దదైతే దాన్ని ఏ ఇంటికి ఇస్తారు? చిలుకమ్మకు అన్నం సహించడం మానేసింది.

బస్తీ ముందు ఆమె తగువు పెట్టుకుంది, శాపనార్థాలు పెట్టింది. కానీ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆమెకూ భయం పట్టుకుంది. నలభై చావిళ్లు కడిగినా రాని భయం, సొంత మనుమరాలిని చూస్తే వచ్చింది. పొద్దున పనికి బయలుదేరి మలుపు దగ్గర వెనక్కి తిరిగితే, పిల్ల గడపలో నిలబడి ఉండేది, చేతిలో చీపురు. ఊడ్చేది కాదు, ఊరికే చూస్తూ ఉండేది. అవ్వ మలుపు తిరగాలని ఎదురుచూస్తున్నట్టు నిలబడేది. చిలుకమ్మ తిరిగి నాలుగడుగులు వేసేసరికి వెనక నేల మీద సరసరా చీపురు చప్పుడు. రోజూ ఇదే. ఇన్నాళ్లూ ఆ చప్పుడు ఎట్లా వినలేదో ఆమెకే అర్థం కాలేదు.

ఒకనాడు చీపురు తీసి రేకుల మీద పడేసి పోయింది. సాయంత్రం వచ్చి చూస్తే ఇల్లు ఎప్పటిలాగే అద్దంలా ఉంది. అక్షర తువ్వాల దండెం మీద ఆరేసి ఉంది, ఎంత ఉతికినా పోని నలుపుతో.

మరోరోజు సగం దారిలో ఫోను మరిచిపోయానని గుర్తొచ్చి ఇంటికి తిరిగొచ్చింది. వాకిట్లో అడుగు పెట్టకముందే కిటికీలోంచి చూసింది. చాప చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. తాను పండుకునే చోట పిండి, పిండి మీద దీపం. అక్షర దాని ముందు గొంతుకూర్చొని, గాలి తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది. అంతలో ఓపెన్ కాస్టు గనిలో బొగ్గు కోసం పెట్టిన బాంబులు పేలాయి. అరలోని గిలాసలు గలగలమన్నాయి, రేకులు వణికాయి. పిల్ల మాత్రం కదల్లేదు, కళ్లు దీపం మీద నుంచి తీయలేదు. బతికుండగానే తన దీపం తాను చూడడమంటే ఏమిటో చిలుకమ్మకు ఆ కిటికీ దగ్గర తెలిసింది. చేతులు కిటికీ ఊచలకు అతుక్కుపోయాయి. ఇంట్లోకి పోవాలా వద్దా అని తన ఇంటి ముందు తానే సందేహిస్తూ నిలబడింది.

చివరికి లోపలికి పోయింది.

"ఏంది బిడ్డా గిది?"

"ఊడ్చిన అవ్వా."

"ఎందుకు ఊడ్చినవ్?"

అక్షర ఆశ్చర్యపోయింది. "నువ్వే చెప్పినవ్ గదా. మనిషి పోంగనే ఊడ్వాలె, జాగు చేయద్దని. నువ్వు పనికి పోయినవ్. ధర్మా తాత దవాఖానకు పోయిండు. శేటు మామ జనగామ పోయిండు."

చిలుకమ్మ గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. పోయింది, పోయిండు, పోయినవ్. బస్సెక్కి పోయినా పోవడమే, పాడెక్కి పోయినా పోవడమే. చావును చావు అనడానికి నోరు రాక మనం దాని మీద కప్పిన మాట, దుకాణానికి పోయేటప్పుడు కూడా వాడే మాటే. పెద్దవాళ్లకు ఏది ఏదో చెప్పకుండానే తెలుస్తుంది. ఐదేళ్ల పిల్లకు ఎట్లా తెలుస్తుంది? మనిషి ఊరికి బయలుదేరిన వెంటనే ఊడ్వకూడదని ఏ ఇంట్లోనైనా తల్లి చెబుతుంది. దీనికి చెప్పే తల్లి లేదు. ఉన్న అవ్వ చావిళ్లలో పని నేర్పింది.

"మరి దీపం ఎందుకు బిడ్డా?"

"తొవ్వ కనబడద్దా?" అంది పిల్ల, అదీ తెలియదా అన్నట్టు.

పోయేవాళ్లకు దారి చూపే దీపం అని చిలుకమ్మ అనుకుంది. చప్పున కొంగుతో దీపం ఆర్పేసింది. పిల్ల ముఖం చిన్నబోయింది.

ఆ రోజు ఆమె పనికి పోలేదు. తప్పు తనదని బస్తీకి చెప్పవచ్చు. ఎవరు వింటారు? నోటి మాటతో పుట్టిన భయం నోటి మాటతో పోదు. పిల్ల చేతి ఊడుపులో ఏమీ లేదని తాను నమ్మితే, దాన్ని తన ప్రాణం మీదే చూపించాలి. నమ్మకపోతే? అది కూడా తేల్చుకోవాల్సిందే. మనుమరాలిని చూసి వణికే అవ్వ ఇంక ఎందుకు?

శనివారం పొద్దున ఎనిమిదింటికి చిలుకమ్మ మంచి చీర కట్టుకొని, సంచి చంకన పెట్టుకొని అరుగు మీద నిలబడింది. సునందను పిలిచింది, చంద్రిని పిలిచింది, వీధి వీధంతా వినేటట్టు అరిచింది.

"అందరు చూడున్రి! నేను దేవరుప్పులల మా చెల్లె ఇంటికి పోతున్న. పోయొస్త అంటలేను, పోతున్న అంటున్న. నేను తొవ్వ పట్టంగనే నా మనుమరాలు ఊడుస్తది, కడుగుతది, దీపం పెడ్తది. రేపు పొద్దుగూకక ముందు నేను ఇదే అరుగు మీదికి వస్త. వచ్చినంక దీన్ని ఎవలన్న ఒక్క మాటన్నరో, వాళ్ల ఇంట్ల నేనే ఊడుస్త!"

సునంద రెండు చేతులూ అడ్డం ఊపింది. "వద్దవ్వా, గంత పని చేయకు. ఏమన్న అయితె పిల్ల బతుకు ఏమైతది?"

"ఇప్పుడేమైతున్నది బిడ్డా దాని బతుకు? నువ్వే చెప్పు."

సునంద తల వంచుకుంది. చంద్రి మాత్రం ముందుకొచ్చి అక్షర పక్కన నిలబడింది. "మా ఆయన దమ్ముతోటి పోయిండు, పోరితోటి కాదు. రేపటిదాక నేను చూసుకుంట, నువ్వు నడువు చిలుకక్కా," అంది.

చిలుకమ్మ వంగి పిల్ల చెవిలో "ఊడువు బిడ్డా, మంచిగ ఊడువు," అని చెప్పి మెట్లు దిగింది. మలుపు తిరగబోతుంటే వెనక సరసరా చీపురు చప్పుడు మొదలైంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

మొండితనం ఊరి పొలిమేర దాకానే తోడొచ్చింది. బస్సు రేగొండ దాటేసరికి ఆమె చేతులు ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకున్నాయి. ఎదురుగా లారీ వస్తే కళ్లు మూసుకునేది. పరకాల దాటాక ఏ పొలంలో రాజలింగం పడ్డాడో అని రెండు పక్కలా చూసింది. హనుమకొండలో బస్సు మారింది, జనగామలో మారింది. ఎడమ భుజం లాగితే అది సంచి బరువో, ఇంకేమైనానో తెలియక దారంతా సంచిని చంక మార్చుకుంటూ పోయింది. ఇప్పుడు ఇంట్లో చాప గోడకు నిలబడి ఉంటుంది, ఇప్పుడు బిందెలు బోర్లించి ఉంటాయి, ఇప్పుడు దీపం వెలిగి ఉంటుంది అని ఆ ఇంటి పని అంతా ఆమె మనసులో తానే చేసుకుంటూ పోయింది. దేవరుప్పులలో చెల్లెలు ఆమెను చూసి "ఏందక్కా, మొకం గట్ల పీక్కపోయింది?" అంది. ఎండలో వచ్చానని చెప్పింది. పెట్టింది తినలేదు. చెల్లెలి గడప దాటుతున్నప్పుడల్లా కాలు జారుతుందేమోనని గోడ పట్టుకొని నడిచింది. తనకేమైనా అయితే అయింది, కానీ ఆ చావు కూడా అక్షర లెక్కలోనే పడుతుంది.

ఆదివారం తిరుగు ప్రయాణం. రేగొండ దగ్గర బస్సు టైరు పంక్చరైంది. రోడ్డు పక్కన నిలబడి పొద్దు వైపు చూస్తూ, అది ఇంకెంత ఎత్తు ఉందో చేతి వేళ్లతో కొలుచుకుంది. ఇంకో బస్సు ఎక్కి, నిలబడే వచ్చింది. బస్తీ మలుపు తిరిగేసరికి ఇంకా ఎండ ఉంది.

మొదట చూసింది సునంద. దుకాణం గల్లా వదిలి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. "వచ్చినవా అవ్వా, వచ్చినవా!" అంటూ ఆమె చేతులూ భుజాలూ తడిమింది. అవతలి ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. కాలికి కట్టుతో మంచం మీదున్న రాజలింగం కిటికీలోంచి "బతికిపోయినం!" అని అరిస్తే అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎంత భయం కరిగిపోయిందో ఎవరికి వాళ్లకే తెలుసు. సునంద అరుగు దగ్గరికొచ్చి అక్షర తల నిమిరి, "రేపు మా ఇంటికి రా బిడ్డా. మేఘన నిన్నే అడుగుతున్నది," అంది. ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకొని వెళ్లిపోయింది. చిలుకమ్మ సంచి కింద పెట్టి అరుగు మీద కూలబడింది. గెలిచానన్న సంతోషంతో ఒళ్లంతా తేలికైంది.

అక్షర మాత్రం అవ్వను చూడడం లేదు. అవ్వ వెనక, మలుపు వైపు చూస్తోంది. వీధిలో అందరూ లోపలికి పోయినా ఇంకా చూస్తోంది.

"ఎవల కోసం చూస్తున్నవ్ బిడ్డా?"

"అమ్మ రాలేదా?"

చిలుకమ్మ తానూ మలుపు వైపు తిరిగి చూసింది.

"నువ్వు పోయినవ్. నేను ఊడ్చిన, దీపం పెట్టిన, మలగకుండ నూనె పోసుకుంట చూసిన. నువ్వు వచ్చినవ్. పనికి పోయినప్పుడు గూడ గంతే, నువ్వు మలుపుల కనబడంగనే తీసేస్త," అని పిల్ల వేళ్లు మడిచింది. "శేటు మామ దీపం సునందత్త తన్నింది. గందుకే కాలిరిగింది. అయినా వచ్చిండు. ధర్మా తాత దీపం నేను బడికి పోయినప్పుడు మలిగింది, తాత మంచిగ రాలేకపోయిండు. దీపముంటె తొవ్వ కనబడ్తది, ఇల్లు మంచిగుంటె వస్తరు." అక్కడ ఆగి, ఇన్నాళ్లూ అడగాలనుకొని అడగని మాట అడిగింది. "అమ్మ పోయిననాడు ఎవలు ఊడ్చిన్రు అవ్వా? మంచిగ ఊడ్వలేదా?"

చిలుకమ్మకు ఇప్పుడు తెలిసింది. పోయేవాళ్లకు దారి చూపడానికి కాదు, తిరిగొచ్చేవాళ్లకు ఇల్లు కనబడడానికి ఈ పిల్ల దీపాలు పెడుతూ వచ్చింది. మూడేళ్లుగా ఈ గడప మీద దుమ్ము నిలవనివ్వనిది రజిత కోసం.

"నేనే ఊడ్చిన బిడ్డా," అంది.

అక్షర అవ్వను నిందించలేదు. దగ్గరికొచ్చి, పెద్దదానిలా ఆమె చేయి పట్టుకుంది. "పాయె తియ్యి. నువ్వు ఏడ్చుకుంట ఊడ్చినవేమో, మూలలకు పోయి ఉండదు. ఇద్దరం కలిసి ఇంకోసారి ఊడుద్దాం పా."

చిలుకమ్మ ఆ చేయి వదల్లేదు. పిల్లను లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నలభై ఇళ్లలో నలభైసార్లు ఆమె పోయిండు, పోయింది అనే అన్నది. ఇంకో మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. ఇప్పుడు దాన్ని పలకడానికి రెండుసార్లు నోరు తెరిచి మూసింది.

"మీ అమ్మ పోలే బిడ్డా. సచ్చిపోయింది. పోయినోళ్లు వస్తరు. సచ్చిపోయినోళ్లు రారు. ఎంత మంచిగ ఊడ్చినా రారు."

అక్షర ఆమె ముఖంలోకి చూసింది. "నేను ఊడ్చినా?" అని అడిగింది.

"నువ్వు ఊడ్చినా రాదు, నా తల్లీ."

తల్లి పోయిన మూడేళ్లకు, అవ్వ మెడ పట్టుకొని, అక్షర మొదటిసారి ఏడ్చింది.